చలి ఊరికి చిన్న బ్యాగు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అక్కా నమస్తే, మాది ఎంవీపీ కాలనీ. సంక్రాంతి సెలవులకి షిమ్లా, మనాలి ఎనిమిది రోజులు ప్లాన్ చేసుకున్నాం. నేను, మా ఆయన, పదకొండేళ్ళ బాబు, ఆరేళ్ళ పాప, మా అత్తగారు. ఢిల్లీ దాకా ఫ్లైట్, అక్కడ్నించి కల్కా వెళ్ళి బొమ్మ రైల్లో షిమ్లా, తర్వాత కారులో మనాలి. ఇప్పటికే మంచం మీద బట్టలు గుట్ట పోసి కూర్చున్నాను, నాలుగు పెద్ద సూట్‌కేసులకి తక్కువ అయ్యేలా లేవు. మా ఆయనేమో మనిషికో చిన్న బ్యాగు, అంతే అంటున్నారు. అంత చలికి అన్ని తక్కువ బట్టలు ఎలా సరిపోతాయి? పైగా మా అత్తగారు చీర తప్ప ఇంకోటి కట్టరు, ఆవిడ గురించే నాకు ఎక్కువ బెంగ. ఫోటోలన్నిట్లో ఒకే డ్రెస్ కనబడకూడదని కూడా ఉంది, నవ్వకండి.

జవాబు: నవ్వను చెల్లీ, జీవితంలో ఒకసారి వెళ్ళే ట్రిప్పుకి ఫోటోలు బాగుండాలి అనుకోవడంలో తప్పేముంది. మీ ఆయన చెప్పింది కరెక్టే గానీ ఎందుకు కరెక్టో ఆయన చెప్పినట్టు లేరు, అది తెలిస్తే ఆ మంచం మీద గుట్టలో సగం మీరే తీసి బీరువాలో పెట్టేస్తారు.

మన విశాఖలో జనవరి రాత్రి కూడా మామూలుగా 17, 18 డిగ్రీల కంటే పెద్దగా దిగదు. ఆ మాత్రానికే బీచ్ రోడ్డులో వాకింగ్‌కి వచ్చేవాళ్ళ నెత్తిన మంకీ క్యాపులు కనబడతాయి. అందుకని చలి ఊరికి వెళ్తున్నాం అనగానే మనకి వచ్చే ఆలోచన ఒకటే, ఇంట్లో ఉన్నవన్నీ వేసెయ్, లావుపాటి కోటు ఒకటి కొనెయ్. నేనూ మొదటిసారి మనాలి వెళ్ళినప్పుడు అదే చేశాను. లోపల కాటన్ చుడీదార్, పైన దుప్పటిలాంటి కోటు, అది వేసుకుని కొండ ఎక్కుతుంటే చెమటలు పట్టాయి, పైకి వెళ్ళి ఆగగానే గాలి కొట్టింది, తడిసిన కాటన్ ఒంటికి అతుక్కుపోయి సాయంత్రం దాకా వణుకుతూనే ఉన్నాను, కోటు మాత్రం ఒంటి మీదే ఉంది. ఆ రాత్రి మా హోటల్ అబ్బాయి, అక్కడివాడే, నా బట్టలు చూసి పైకోటు బాగానే ఉందమ్మా, లోపలిదే తప్పు అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

మన ఇళ్ళల్లో బొంతలు గుర్తున్నాయా, పాత చీరలు నాలుగైదు మడతలు వేసి కుట్టేవాళ్ళు. ఒక్కో చీర చూస్తే పల్చటిది, కానీ బొంత కప్పుకుంటే వెచ్చగా ఉంటుంది, ఎందుకంటే మడతకీ మడతకీ మధ్య గాలి చిక్కుకుంటుంది, ఆ కదలని గాలే మన ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. చలి బట్టల రహస్యం మొత్తం ఇంతే. బట్ట ఎంత బరువు అన్నది కాదు, ఎన్ని పొరలు, వాటి మధ్య ఎంత గాలి, ఆ గాలి పొడిగా ఉందా లేదా అన్నది లెక్క. ఒక లావు కోటు కంటే మూడు పల్చటి పొరలు మంచివి, పైగా బస్సులో వేడిగా ఉంటే ఒకటి తీసెయ్యొచ్చు, కోటు ఒక్కటే ఉంటే వేసుకోవాలి లేదా విప్పాలి, మధ్యలో ఏమీ ఉండదు.

ఒంటికి తగిలే మొదటి పొర థర్మల్స్, చెమటని పీల్చి బయటికి పంపేది, బిగుతుగా ఉండాలి. మన పొందూరు ఖద్దరు అంటే నాకు ప్రాణం, ఎండాకాలం అంతా అదే కడతాను, కానీ మంచులో ఒంటికి తగిలే బట్టగా మాత్రం కాటన్ వద్దే వద్దు, తడిస్తే ఆరదు, ఆరేలోపు మన వేడి అంతా లాగేస్తుంది. జీన్స్ కూడా కాటనే కదా, అందుకే మంచులో ఆడుకోడానికి జీన్స్ పనికిరాదు. రెండో పొర ఫ్లీస్ (నూగులా మెత్తగా ఉండే సింథటిక్ బట్ట) గానీ ఉన్ని స్వెట్టర్ గానీ, గాలిని పట్టి ఉంచేది ఇదే. ఉన్నికి ఇంకో గుణం ఉంది, తన బరువులో 30 శాతం దాకా తేమ పీల్చుకున్నా తడిగా అనిపించదు, వెచ్చదనం పోదు, వాసన కూడా తొందరగా పట్టదు, అందుకే ఒక స్వెట్టర్ వారం రోజులు వేసుకోవచ్చు, రాత్రి కుర్చీ మీద ఆరేస్తే పొద్దున్నకి మళ్ళీ బాగుంటుంది. మూడోది పైపొర, గాలినీ మంచునీ ఆపే జర్కిన్. ఈకలు నింపిన డౌన్ జాకెట్ చాలా తేలిక, నొక్కితే చిన్న ఉండ అయిపోతుంది, కానీ తడిస్తే ఈకలు ముద్దకట్టి వెచ్చదనం పోతుంది, కాబట్టి పిల్లలకి సింథటిక్ ఫిల్లింగ్ ఉన్నదే నయం.

ఇప్పుడు లెక్కకి వద్దాం. పెద్దవాళ్ళకి ఒక్కొక్కరికి థర్మల్స్ రెండు జతలు (ఒకటి పగలు, ఒకటి రాత్రి పడుకోడానికి, విడిగా నైట్ డ్రెస్ అక్కర్లేదు), ఫుల్ హ్యాండ్స్ టాప్‌లు మూడు, ప్యాంట్లు రెండు, స్వెట్టర్ ఒకటి, జర్కిన్ ఒకటి, ఉన్ని సాక్సులు మూడు జతలు, చెవులు మూసే క్యాపు, గ్లౌజులు, ఇన్నర్స్ ఒక అయిదు. షూ ఒక జత, రూములోకి చెప్పులు ఒక జత. అంతే. ఎనిమిది రోజులకి ఇంతేనా అనిపిస్తుంది, నాకు తెలుసు. కానీ చలి ఊళ్ళో మనకిలా చెమట కారదు, ఇక్కడ ఉక్కపోతకి రోజుకి రెండుసార్లు మార్చే అలవాటుతోనే మనం బట్టల లెక్క వేసుకుంటాం, అక్కడ ఆ లెక్క పనిచెయ్యదు. సాక్సులు, ఇన్నర్స్ మాత్రం రాత్రి గోరువెచ్చటి నీళ్ళల్లో ఉతుక్కుని, పొడి టవల్లో పెట్టి చాపలా చుట్టి గట్టిగా పిండండి, నీళ్ళన్నీ టవల్‌కి పోతాయి, పొద్దున్నకి ఆరిపోతాయి. రూమ్ హీటర్ మీద మాత్రం ఆరేయకండి, దగ్గరగా కూడా పెట్టకండి, అంటుకుంటాయి.

ఫోటోల సంగతి. మంచులో దిగే ప్రతి ఫోటోలో కనిపించేది జర్కినే, లోపల మీరు ఏడు రకాల కుర్తీలు మార్చినా ఎవరికీ కనబడవు! అందుకని మార్చాల్సింది మెడ దగ్గర, తల మీద. ప్యాంట్లు రెండూ నలుపో నేవీ బ్లూనో తీసుకోండి, టాప్‌లు మూడూ ఆ రెండిటికీ కుదిరే రంగులు, స్టోల్స్ రెండు మంచి ముదురు రంగులు, ఒకటి మిరపపండు ఎరుపు, ఒకటి పసుపు అనుకోండి, తెల్లటి మంచులో అవి ఎంత బాగా పడతాయో చూడండి. మూడు టాప్‌లు, రెండు ప్యాంట్లు, రెండు స్టోల్స్ కలిపితే పన్నెండు రకాలు అయ్యాయి, మీ ట్రిప్పు ఎనిమిది రోజులే. నేను పాటించే పద్ధతి ఒకటి చెప్తాను, సర్దేటప్పుడు ఒక్కో టాప్ తీసి ఇది రెండు ప్యాంట్ల మీదకీ వెళ్తుందా అని చూస్తాను, ఒక్కదాని మీదకే వెళ్తే అది ఎంత ఇష్టమైనదైనా ఇంట్లో ఉండిపోతుంది.

అత్తగారి గురించి అడిగారు, ఇది అందరూ అడగాల్సిన ప్రశ్న, ఎందుకంటే పెద్దవాళ్ళని చలి ఊరికి తీసుకెళ్ళి రూములో కూర్చోబెట్టేసి వచ్చేవాళ్ళని నేను చాలామందిని చూశాను, ఆవిడకి కూడా మంచు చూడాలని ఉంటుంది కదా. చీర మార్పించే ప్రయత్నం చెయ్యకండి, అవసరం లేదు. నిజానికి చీర ఆరు గజాల బట్ట, కుచ్చిళ్ళూ పైటా కలిపితే దానిదే నాలుగైదు పొరలు, దాని కిందా పైనా సరిచేస్తే చాలు. లోపల లంగా కింద థర్మల్ లెగ్గింగ్ వేయించండి, బయటికి కనబడదు కాబట్టి ఒప్పుకుంటారు. జాకెట్టు కింద ఫుల్ హ్యాండ్స్ థర్మల్, అది జాకెట్టులో ఇమడకపోతే కొంచెం వదులుగా పొడుగు చేతుల జాకెట్లు రెండు కుట్టించండి, టైలర్‌కి ఇప్పుడే ఇవ్వండి, సంక్రాంతి ముందు ఎవరూ ఖాళీగా ఉండరు. చీరలు రెండే, మూడోది వద్దు, కాటన్ కాకుండా పట్టు గానీ సిల్క్ కలిసినవి గానీ, పట్టు పల్చగా ఉన్నా వెచ్చగా ఉంటుంది, మడత కూడా చిన్నగా అవుతుంది. చీర ఒక్క అంగుళం పైకి కట్టుకోమనండి, మంచులో అంచు తడిస్తే ఆ తడి పైకి పాకుతుంది. ముందు బొత్తాలున్న స్వెట్టర్, తల మీంచి తొడుక్కునేది కాదు, జడా కొంగూ చెదరకుండా వేసుకోడానికి. ఆపైన ఒక పెద్ద ఉన్ని శాలువా, అది ఫ్లైట్‌లో దుప్పటి, కారులో ఒళ్ళో రగ్గు, గుడికి వెళ్తే ముసుగు, ఒక్క వస్తువు నాలుగు పనులు చేస్తుంది.

కాళ్ళ దగ్గర పట్టుబట్టండి. చెప్పులతోనే ఉంటానంటారు, అక్కడ మాత్రం కుదరదు, మెత్తటి షూలు, జారని అడుగు ఉన్నవి, ఒక సైజు వదులుగా కొనండి, నెలముందు నుంచీ శివాజీ పార్కులోనో ఇంటి మేడ మీదో వేసుకుని నడిపించండి. చలి అని రెండు జతల సాక్సులు బిగుతుగా తొడగకండి, ఇది అందరూ చేసే తప్పే, బిగిస్తే రక్తం సరిగ్గా ఆడదు, గాలి ఉండడానికి చోటు ఉండదు, పాదాలు ఇంకా చల్లబడతాయి. ఒక్క జత మంచి ఉన్నివి చాలు. బీపీ, షుగర్, ఆయాసం ఏమన్నా ఉంటే బయల్దేరేముందు డాక్టర్‌కి చూపించి, మందులు హ్యాండ్ బ్యాగ్‌లోనే పెట్టుకోండి. ఇంకొక మాట, రూములో ఎవరన్నా బొగ్గుల కుంపటి తెచ్చి పెడితే తలుపులు మూసి నిద్రపోకండి, దాని పొగలో వాసన తెలియని విషవాయువు ఉంటుంది, ప్రాణాలు పోయిన సంగతులు ప్రతి చలికాలం పేపర్లో చదువుతూనే ఉన్నాం.

పిల్లలకి మాత్రం పెద్దవాళ్ళ కంటే ఒక జత ఎక్కువే పెట్టండి, మంచులో పడి తడవకుండా ఏ పిల్లా ఉండదు, ఉండకూడదు కూడా. పాపకి వేళ్ళు విడివిడిగా ఉండే గ్లౌజులు కాకుండా సంచీలా ఉండేవి తీసుకోండి, వేళ్ళన్నీ ఒకచోట ఉంటే ఒకదానికొకటి వెచ్చగా ఉంటాయి. రెండు గ్లౌజుల్నీ ఒక పొడుగు తాడుతో కలిపి కోటు చేతుల్లోంచి పోనిచ్చి పెడితే పారేసుకోదు.

మంచులో వేసుకునే పొడుగు బూట్లు, వాటర్‌ప్రూఫ్ సూట్లు ఇక్కడ కొని మొయ్యకండి, షిమ్లా దగ్గర కుఫ్రీ, మనాలి దగ్గర సోలాంగ్ దారిలో షాపుల్లో అద్దెకి ఇస్తారు, వేసుకునేముందు లోపల పొడిగా ఉందో లేదో చెయ్యి పెట్టి చూసుకోండి. మనాలి ఎత్తు 2,050 మీటర్ల దగ్గర. 2020 అక్టోబర్‌లో తెరిచిన 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్ దాటి అవతల సిస్సు వెళ్తే దాదాపు 3,100 మీటర్లు. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారుగా ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క, అంటే హోటల్ దగ్గర సరిపోయిన బట్టలు గంట ప్రయాణంలోనే చాలకపోవచ్చు. ఆరోజు పొరలన్నీ వేసుకునే బయల్దేరండి, కారులో విప్పుకోవచ్చు.

ఫ్లైట్ సంగతి కూడా చెప్పేస్తాను. మన దేశంలో తిరిగే ఫ్లైట్లలో మామూలుగా చేతి బ్యాగు 7 కేజీలు, చెక్-ఇన్ 15 కేజీలు, టికెట్ మీద ఒకసారి చూసుకోండి. అయిదుగురికి మూడు మీడియం బ్యాగులు, ఎవరి వీపుకి వాళ్ళది ఒక చిన్న బ్యాక్‌ప్యాక్, ఇది హాయిగా సరిపోతుంది. బరువైన షూ, జర్కిన్ సూట్‌కేసులో పెట్టకుండా ఒంటి మీదకి, ఒంటి మీదున్నది తూకంలోకి రాదు. విశాఖ ఎయిర్‌పోర్ట్ దాకా జర్కిన్ చేతి మీద వేసుకోండి, థర్మల్స్ బ్యాక్‌ప్యాక్‌లో పైనే పెట్టుకుని ఢిల్లీలో దిగాక వాష్‌రూమ్‌లో మార్చుకోండి. పవర్ బ్యాంకు చెక్-ఇన్ బ్యాగులో పెట్టనివ్వరు, చేతి బ్యాగులోనే ఉండాలి. చలికి ఫోన్ ఛార్జింగ్ గబగబా దిగిపోతుంది, అందుకని ఫోన్ లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా పెట్టుకోండి. షిమ్లా బొమ్మ రైలు 1903 నాటి చిన్న లైను, 96 కిలోమీటర్లు, పెట్టెలు కూడా చిన్నవే, నాలుగు పెద్ద సూట్‌కేసులతో అందులో ఎక్కితే మీ కాళ్ళకి చోటుండదు. కొబ్బరినూనె సీసా మాత్రం వద్దు, 24 డిగ్రీల కిందికి వెళ్తే గడ్డకడుతుంది, అక్కడ సీసాలోంచి బయటికి రాదు, బదులుగా వాజలైన్ చిన్న డబ్బా ఒకటి అందరికీ సరిపోతుంది, మన తేమ గాలికి అలవాటైన పెదాలూ మడమలూ అక్కడ రెండో రోజుకే పగులుతాయి.

ఇన్ని చదివాక కూడా సరిపోతాయా అని అనుమానం ఉంటే ఒక పని చెయ్యండి. డిసెంబర్‌లో ఒక ఆదివారం తెల్లవారుజామున లేచి నర్సీపట్నం మీదుగా లంబసింగి వెళ్ళండి, బయట ఉంటే మనిషి కొయ్యలా బిగుసుకుపోతాడని దాన్ని కొర్రబయలు అంటారు కదా, చలికాలంలో కొన్ని రోజులు సున్నా దగ్గరదాకా కూడా పోతుంది. మీరు సర్దిన బట్టలే వేసుకుని ఆ పొగమంచులో ఒక గంట కూర్చోండి, అత్తగారిని కూడా తీసుకెళ్ళండి. ఎవరికి ఎక్కడ చలేసిందో, ఏది బిగుతైందో అక్కడే తెలిసిపోతుంది, ఇంటికొచ్చి ఆ ఒక్కటీ మార్చుకుంటే చాలు.

ప్రశ్న: మేడం, నేను గాజువాక నుంచి. జనవరిలో చదువుకి టొరంటో వెళ్తున్నాను. మా అమ్మ ఇక్కడే రెండు పెద్ద కోట్లు, నాలుగు స్వెట్టర్లు, రగ్గు కొనేసింది, అవే సగం బరువు తినేస్తున్నాయి. పుస్తకాలు, పచ్చళ్ళు ఎక్కడ పెట్టాలి?

జవాబు: బాబూ, అమ్మ ప్రేమని తూకం వెయ్యలేం గానీ రగ్గు మాత్రం ఇంట్లో వదిలెయ్, అక్కడ ఇళ్ళల్లో హీటింగ్ ఉంటుంది, లోపల 20 డిగ్రీల పైనే ఉంటుంది, క్లాసులో టీషర్ట్ మీదే కూర్చుంటావు. బయట మైనస్ 10, మైనస్ 15 కూడా చూస్తావు, ఆ చలికి తగ్గ పెద్ద కోటూ మంచు బూట్లూ ఆ ఊరికోసం తయారైనవే అక్కడ కొనుక్కోవాలి, ఇక్కడ షాపుల్లో దొరికేవి మన అరకు చలికి సరిపడేవి. దిగిన రోజు ఎయిర్‌పోర్ట్ నుంచి రూము దాకా వెళ్ళడానికి మాత్రం ఒక మంచి జర్కిన్, క్యాపు, గ్లౌజులు, మూసి ఉన్న షూ ఒంటి మీద ఉండాలి. రెండు కోట్లలో ఒకటి వాపసు ఇచ్చెయ్. థర్మల్స్ మూడు నాలుగు జతలు ఇక్కడే కొనుక్కో, చవక, చోటు కూడా తినవు. చలికాలం వచ్చేసరికి మన ఊళ్ళో టిబెటన్ వాళ్ళు స్వెట్టర్ల కొట్లు పెడతారు కదా, అక్కడ రెండు మంచివి ఏరుకో, బేరం చెయ్యడానికి అమ్మని తీసుకెళ్ళు. పచ్చళ్ళు గట్టిగా సీల్ చేయించి చెక్-ఇన్‌లోనే పెట్టు, నూనె ఓడేది చేతి బ్యాగులో ఉంటే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు, నాలుగు నెలలకి సరిపడా ఆవకాయ అక్కడ చెత్తబుట్టలో పడితే మీ అమ్మకి ఎలా ఉంటుందో ఆలోచించు.

ప్రశ్న: మేము సీతమ్మధారలో ఉంటాం. పోయిన ఏడాది కాశ్మీర్ వెళ్ళొచ్చి స్వెట్టర్లు, శాలువాలు, డౌన్ జాకెట్ బీరువాలో పెట్టాం. ఇప్పుడు తీస్తే ముక్కవాసన, ఒక శాలువాకి చిల్లులు. ఏం చెయ్యాలి?

జవాబు: సముద్రం పక్కన ఉన్న ఊరు కదండీ, బీరువాలో కూడా తేమ చేరుతుంది. చిల్లులు చేసేది చిమ్మెట పురుగు పిల్లలు, అవి చెమట, తిండి మరకలు ఉన్న ఉన్నినే ముందు వెతుక్కుంటాయి, ఒక్కసారే వేసుకున్నాం కదా అని ఉతక్కుండా పెడితే వచ్చే తిప్పలు ఇవే. స్వెట్టర్లూ శాలువాలూ చల్లటి నీళ్ళల్లో ఉన్ని బట్టల లిక్విడ్‌తో ముంచి తీసి, పిండకుండా టవల్లో అద్ది, దండెం మీద వేలాడదీయకుండా బల్ల మీద పరిచి నీడలో ఆరేయండి, వేలాడదీస్తే సాగిపోతాయి. వంద శాతం ఆరిందనిపించాక ఇంకొక రోజు ఉంచి అప్పుడు మడవండి. పాత కాటన్ చీర ముక్కలో చుట్టి, ఎండిన వేపాకు చిన్న మూటకట్టి మధ్యలో పెట్టండి, కలరా ఉండలు వాడితే బట్టకి తగలకుండా గుడ్డలో కట్టి, పిల్లలకి అందకుండా. డౌన్ జాకెట్ నొక్కి సంచిలో పెట్టడం ప్రయాణంలోనే, ఇంట్లో మాత్రం హ్యాంగర్‌కి వదులుగా వేలాడదీయండి, నెలల తరబడి నొక్కి ఉంచితే ఈకలు మళ్ళీ పొంగవు. వానాకాలం వెళ్ళాక అక్టోబర్‌లో ఒక పొడి రోజు చూసి అన్నీ బయటికి తీసి గాలి తగిలించండి. చిల్లులు పడ్డ శాలువా పారెయ్యకండి, రఫూ చేసేవాళ్ళు మన పూర్ణా మార్కెట్ వైపు అడిగితే దొరుకుతారు, దారం రంగు కలిస్తే చిల్లు ఎక్కడుందో మీకే కనబడదు.